రోజుకొక క్యూబు

"ఒక తల్లి బిడ్డల్లో కూడా ఇంత పోలిక ఉండదు బాబాయ్ గారూ" అంది జల్లెడ, టెస్టింగ్ ల్యాబు రిజిస్టరును ముసలాయన ముందుకు తోస్తూ.

టైము పదకొండూ నలభై. సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రి పాత బ్లాకు నుంచి కొత్త బ్లాకులోకి ముప్పై రెండు మంది బాలింతల్ని, వాళ్ళ పసిబిడ్డల్ని మారుస్తారు. ఈలోగా ఆ కొత్త బ్లాకు స్తంభాల్లో పోసిన కాంక్రీటు మంచిదో కాదో ఆమె తేల్చాలి. తేల్చడమంటే మనసులో అనుకోవడం కాదు. కాగితం మీద, రుజువుతో. నాలుగింటిలోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అని పైఅధికారి ఉత్తర్వు ఇచ్చి మరీ పంపాడు.

ఆమె విజిలెన్సులో ఇంజనీరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉంది కానీ దాంతో ఆమెను పిలిచినవాళ్ళు లేరు. ఏ ఫైలు చేతికొచ్చినా నలకతో సహా జల్లించి గానీ వదలదు కనక ఆఫీసంతా జల్లెడ అంటారు. మొదట్లో చాటున అనేవాళ్ళు. తర్వాత ఆమే పలకడం మొదలుపెట్టడంతో ఆ సరదా కూడా పోయింది.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ముసలాయన ఈ ల్యాబులో ఇరవై ఆరేళ్ళ నుంచి పనిచేస్తున్నాడు. ఇక్కడ అందరికీ ఆయన అచ్చుబాబాయి. ల్యాబు యజమాని నిన్నటినుంచి ఊళ్ళో లేడు, ఫోను కూడా మూగబోయింది. దొరికింది ఈయన ఒక్కడే.

"చూడండి. ఏడో స్తంభం, నలభై ఒకటి పాయింటు రెండు. పదకొండో స్తంభం, నలభై ఒకటి పాయింటు మూడు. పదిహేను, నలభై ఒకటి పాయింటు ఒకటి. ముప్పై ఐదు వస్తే చాలన్న చోట అందరూ బుద్ధిమంతుల్లా నలభై ఒకటి దగ్గరే ఆగిపోయారు."

"బాగా కలిపారేమోనమ్మా" అన్నాడు అచ్చుబాబాయి, రిజిస్టరు వైపు చూడకుండా.

"ఎండలో, వానలో, నలుగురు మేస్త్రీలు, ఎనిమిది నెలలు... ఒక్కసారి కూడా చెయ్యి అటూ ఇటూ కాలేదా?"

"నాకేం తెలుసమ్మా. సైటువాళ్ళు క్యూబులు తెస్తారు. మీద పేరు, తేదీ రాసుంటుంది. నేను మిషను కింద పెట్టి పగలగొడతాను. ముల్లు ఎక్కడ ఆగితే అది రాస్తాను. నా పని అంతవరకే."

ఆ పని గురించి జల్లెడకు ఎవరూ చెప్పక్కర్లేదు. స్తంభం పోసే రోజున అదే కాంక్రీటు కాస్త తీసి ఇనుప అచ్చుల్లో నింపుతారు. మర్నాడు అచ్చు విప్పితే జానెడు దిమ్మ బయటికొస్తుంది. దాన్నే క్యూబు అంటారు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళ తొట్టిలో నానబెట్టి, ల్యాబులో పగలగొడతారు. అది ఎంత ఒత్తిడికి పగిలిందో స్తంభం బలం అంత. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడటం లాంటిది. కుండ నిజాయితీ అంతా ఆ మెతుకులో ఉంటుంది.

మూడు రోజుల కిందట విజిలెన్సుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. అందులో ఒకటే వాక్యం: కొత్త ఆస్పత్రి క్యూబులు చూడండి.

"పగలగొట్టాక ముక్కలు ఏం చేస్తారు?"

"వెనక దొడ్లో గుట్ట పోస్తాం. ఆర్నెల్లు ఉంచాలని రూలు."

ఆయన చెప్పేటప్పుడు రెండు చేతులూ ఒళ్ళో దాచుకున్నాడు. వేళ్ళ చివర్లు తెల్లగా పగిలి, గోళ్ళ పక్కన చర్మం లేచిపోయి ఉండటం జల్లెడ చూసింది. చూసి ఊరుకుంది. ప్రతిదానికీ అర్థం అప్పటికప్పుడే తోచదు.

దొడ్లో గుట్ట మీద నుంచి రెండు ముక్కలు ఏరుకుంది. ఎర్ర పెయింటుతో రాసిన అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి. ఒకటి ఏడో స్తంభానిది, ఒకటి పదిహేనోదానిది. పోసిన తేదీ రెండింటి మీదా ఒకటే. రసీదు రాసిచ్చి, గుడ్డసంచిలో వేసుకుని బయల్దేరింది. సంచి చెయ్యి లాగేస్తోంది.

ఆమె గేటు దాటేదాకా ముసలాయన కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు.

కొత్త బ్లాకు చేరేసరికి ఒంటిగంటా పది. కింది అంతస్తులో మంచాలు వేసేశారు. ఉతికిన దుప్పట్లు, ప్రతి మంచానికీ కాగితం మీద రాసి అతికించిన పేరు. గోడల మీద రంగు వాసన ఇంకా పోలేదు. పక్కనే ఉన్న పాత బ్లాకు నుంచి పసిపిల్లల ఏడుపు వినబడుతూనే ఉంది. ఒకరు ఆపితే ఒకరు అందుకుంటున్నారు.

జల్లెడ ఏడో స్తంభం పక్కనున్న మంచం మీద పనిసంచి పెట్టి, ఉలితో అరచేయంత మేర ప్లాస్టరు చెక్కింది. లోపలి కాంక్రీటును రాయితో నున్నగా రుద్దింది. స్ప్రింగు సుత్తి ఆనించి నొక్కింది. ఠక్. మళ్ళీ ఠక్. గట్టి కాంక్రీటు అయితే సుత్తి ఎగిరి వెనక్కి తన్నుతుంది. ఇది తన్నడం లేదు, గుమ్మడికాయను కొట్టినట్టు చప్పుడు లోపలే మునిగిపోతోంది.

పన్నెండు చోట్ల కొట్టి, అంకెలు రాసుకుని, పట్టికలో చూసింది. ముప్పై ఐదు ఉండాల్సిన చోట పంతొమ్మిది. పదిహేనో స్తంభం దగ్గరికి వెళ్ళింది. పద్దెనిమిది.

ఆ రెండు అంకెల కిందా గీత గీసింది. అయినా ఆ అంకెల్ని పట్టుకుని ఫోను చేసే ధైర్యం రాలేదు. కారణం ఉంది. రెండేళ్ళ కిందట ఇదే సుత్తి మాట విని ఒక వంతెనను ఆపించింది. తర్వాత కాంక్రీటును కోసి పరీక్షిస్తే లోపల ఇనుములా ఉంది. తడి వల్ల పైపొర మెత్తబడిందట. నాలుగు నెలలు పడవలో బడికి వెళ్ళిన పిల్లలు, ఆఫీసులో వెటకారాలు, సంజాయిషీలు. అప్పటినుంచి సుత్తి చెప్పేది జోస్యమే గానీ రుజువు కాదన్న పాఠాన్ని ఆమె మెడలో కట్టుకు తిరుగుతోంది. ఇక్కడ కూడా కోసి చూద్దామంటే రెండు రోజులు పడుతుంది.

"కొత్త భవనానికి అప్పుడే చిల్లులు పెడుతున్నారేం మేడమ్ గారూ?"

వెనక్కి తిరగక్కర్లేదు. ఆ గొంతు ఇస్త్రీది. విజిలెన్సులోనే ఆమె హోదాలోనే ఉన్న ఇంకో ఇంజనీరు. పొద్దున తొడిగిన చొక్కా మడత రాత్రికి కూడా నలగదు, ఆయన ఫైళ్ళూ అంతే. ఆ ఆకాశరామన్న ఉత్తరం ముందు ఆయన దగ్గరికే వెళ్ళింది. ఒక్క పూటలో విచారణ ముగించి, అంతా సవ్యం అని రాసి మూసేశాడు. పైఅధికారికే ఏదో అనుమానం వచ్చి జల్లెడకు అప్పగించాడు. తన వంటను ఇంకొకరు రుచి చూసి ఉప్పు చాల్లేదంటే ఎవరికి మాత్రం మండదు?

"పంతొమ్మిది వచ్చింది సార్" అంది జల్లెడ.

"సుత్తితోనా?" ఇస్త్రీ నవ్వాడు. "వంతెన మర్చిపోయారా? మేం మర్చిపోలేదు."

"నేను మాత్రం మర్చిపోతానా? అందుకే ఇంకా ఎవరికీ ఫోను చెయ్యలేదు."

"మంచిది. అయితే దీని మీద సంతకం పెట్టండి." ఆయన ఫైలు తెరిచాడు. అభ్యంతరం లేదు అన్న కాగితం, కింద ఒక సంతకం అప్పటికే ఉంది. "మీది కూడా పడితే నాలుగింటిదాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే మార్చేస్తారు."

"క్యూబుల ఫలితాలు చూశారా సార్? అన్నీ నలభై ఒకటే."

"బాగా వస్తే తప్పు, రాకపోతే తప్పు. తమరు పట్టిన కుందేలుకు ఎన్ని కాళ్ళో చెప్పండి, రాసుకుంటాను."

"మీకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదా?"

ఇస్త్రీ నవ్వు ఆగిపోయింది. "మీరు సంచి పెట్టిన మంచం మీద పేరు చదివారా?"

జల్లెడ సంచి తీసింది. కాగితం మీద ఒక ఆడపిల్ల పేరు, పక్కన 'తల్లీ, పాపా' అని రాసి ఉంది.

"నా కూతురు. మొన్న తెల్లారి కాన్పయింది. పాత బ్లాకు మూడో అంతస్తులో మంచానికి ఇద్దర్ని పడుకోబెట్టారు. నా మనవరాలు పుట్టి మూడు రోజులు నిండలేదు, అప్పుడే పక్క బిడ్డ జలుబు అంటుకుంది. సాయంత్రం వాళ్ళిద్దర్నీ నేనే తెచ్చి ఈ స్తంభం కింద పడుకోబెడతాను. ఇసుమంత అనుమానం ఉన్నా సొంత బిడ్డను తెచ్చి పడుకోబెట్టే దరిద్రుడిలా కనబడుతున్నానా మీ కంటికి?"

జల్లెడ ఆ పేరును మళ్ళీ చదివింది. దొంగతనం కప్పిపుచ్చేవాడు ఇలా మాట్లాడడు. ఈయన నిజంగానే నమ్మాడు. నమ్మినవాడితో పోట్లాడటం కన్నా దొంగతో పోట్లాడటమే తేలిక.

"చేత్తో పట్టుకునే రుజువు ఒక్కటి చూపించండి" అన్నాడు ఇస్త్రీ, గొంతు తగ్గించి. "మీకంటే ముందు నేనే అభ్యంతరం రాస్తాను. లేకపోతే సంతకం పెట్టండి. పిల్లలు ఆ ఇరుకులో మగ్గిపోతున్నారు."

రెండూ ఐదు. జల్లెడ మెట్ల మీద కూర్చుంది. తప్పు చెబితే మళ్ళీ వంతెన కథే. ఒప్పు అయ్యుండి చెప్పకపోతే ముప్పై రెండు మంచాలు. ఏం చెయ్యాలో తోచక సంచిలో ముక్కలు బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏడో స్తంభం ముక్క ఒక చేతిలో, పదిహేనోది ఇంకో చేతిలో. ఆలోచనలో పడి వాటి మీద బొటనవేళ్ళతో రాస్తోంది.

ఎడమ వేలికి ఏదో తగిలింది. అంచుకు రెండు వేళ్ళ దూరంలో, గోటితో నొక్కినట్టు వంకర తిరిగిన చిన్న గాడి. కుడి వేలికీ తగిలింది. అదే చోట, అదే వంపు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. గాడి లోతు కూడా ఒకటే. ఇది పగిలినప్పుడు పడ్డది కాదు, అంచులు నున్నగా ఉన్నాయి. తడి కాంక్రీటు దేనికో ఒత్తుకుని గట్టిపడింది. అంటే అచ్చు లోపలి బుడిపె.

రెండు స్తంభాలు, ఒకే తేదీ, ఒకే అచ్చు. కాంక్రీటు పోసిన అచ్చును మర్నాటి దాకా విప్పరు. ఒక అచ్చు నుంచి రోజుకు ఒక్క క్యూబే వస్తుంది. బతిమాలినా రెండోది రాదు.

ఆమె లేచిన ఊపుకి ఇస్త్రీ ఉలిక్కిపడ్డాడు. "ఎక్కడికి?"

"ల్యాబుకి."

"సంతకం?"

"వెంటరండి. అక్కడే పెడతాను, దేని మీద పెట్టాలో తెలిశాక."

రెండూ ముప్పై ఐదుకి ఇద్దరూ ల్యాబు దొడ్లో ఉన్నారు. జల్లెడ కొంగు దోపుకుని గుట్ట మీద పడింది. అదే తేదీ ఉన్న ముక్క దొరికితే తీసి పక్కన పెడుతోంది. దుమ్ము ముక్కుల్లోకి పోతోంది. పావుగంటకు మూడోది దొరికింది, ఆ వెంటనే నాలుగోది. ఇస్త్రీ కాసేపు గోడ నీడలో నిలబడి వాచీ చూసుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, చొక్కా చేతులు పైకి మడిచాడు. ఐదోది, ఆరోది ఆయనే లాగాడు. చొక్కా మీద పెద్ద బూడిద మరక పడింది. తుడుచుకోలేదు.

ఆరు స్తంభాల పేర్లు. ఒకటే తేదీ. ఆరింటి మీదా అదే చోట అదే గాడి.

ఇస్త్రీ ఒక్కో గాడిలో వేలు పెట్టి చూశాడు. చివరికి, "మిషను ప్లేటుకు బుడిపె ఉంటే? దాని కింద పెట్టిన ప్రతి క్యూబుకీ ఇదే గాడి పడుతుంది కదా" అన్నాడు.

జల్లెడ చేతిలో ముక్కను కింద పెట్టింది. అది మంచి ప్రశ్న. లోపలికి పరుగున వెళ్ళి మిషను ప్లేటు మీద అరచెయ్యి వేసి తడిమింది. అద్దంలా ఉంది. కానీ ఇవాళ అద్దంలా ఉన్నంత మాత్రాన రెండు నెలల కిందట ఉన్నట్టు కాదు. ప్లేటు మార్చామని రేపు ల్యాబు యజమాని ఒక కాగితం పుట్టిస్తే చాలు. అచ్చు కావాలి. అచ్చు ఎక్కడుందో తెలిసినవాడు నోరు విప్పాలి.

మూడూ ఐదు. అచ్చుబాబాయి అదే స్టూలు మీద ఉన్నాడు. జల్లెడ ఆయన ఎదుట ఒక ముక్క పెట్టింది. కోపంగా కాదు, విసుగ్గా.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను బాబాయ్ గారూ. మీకు సంబంధం లేదని తేలిపోయింది."

ముసలాయన తలెత్తాడు.

"ఇవి సైటు మీద ఎవరో చేతకానివాడు చేసినవి" అంది జల్లెడ, ఇస్త్రీ వైపు తిరిగి. "చూడండి సార్, ఎంత పనిరానివాడో. సరిగ్గా కూరలేదు. గాలి ఇరుక్కుని మొహం మీద గాడి పడింది. మీ ఇంట్లో గచ్చు చేయిస్తే ఇలాంటివాణ్ణి గడప తొక్కనిస్తారా?"

ఇస్త్రీకి అర్థమైంది. "నా గోడకు సున్నం కూడా కొట్టనివ్వను" అన్నాడు.

"కొత్తగా చేరినవాడై ఉంటాడు. లేకపోతే తాగి..."

"అది గాలి కాదమ్మా!" అచ్చుబాబాయి స్టూలు మీంచి లేచాడు. "గాలి ఇరుక్కుంటే గుంట పడుతుంది, గుండ్రంగా. అది గాడి. పనితనం లోపం కాదది. అచ్చు పక్కరేకు బీటేస్తే వెల్డింగు పెట్టించారు, దాని బుడిపె. ఎంత అరగదీసినా పోలేదు. అంతే గానీ ఆ మూలలు చూడండి! కత్తితో కోసినట్టు లేవూ? పనిరానివాడు చేస్తే..."

అక్కడ ఆగాడు.

"సైటువాళ్ళు తెస్తే మీరు పగలగొడతారు, అంతవరకే మీ పని" అంది జల్లెడ మెల్లగా. "మరి ఆ అచ్చుకు వెల్డింగు ఎక్కడ పెట్టారో మీకెలా తెలుసు బాబాయ్ గారూ?"

ముసలాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తలుపు వైపు చూశాడు. అక్కడ ఇస్త్రీ నిలబడి ఉన్నాడు.

"మీ చేతులు చూపించండి. పగలగొట్టేవాడి చేతికి పొడి అంటుకుంటుంది, కడిగితే పోతుంది. వేళ్ళ చివర్లు ఇలా తినేసేది పచ్చి సిమెంటు. పొద్దున్నే చూశాను. అప్పుడు తట్టలేదు, అంతే."

అచ్చుబాబాయి చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత గోడ బీరువా తెరిచి, వెనక నుంచి నూనెగుడ్డలో చుట్టిన ఇనుప అచ్చు తీసుకొచ్చాడు. పసిబిడ్డను దించినట్టు బల్ల మీద దించాడు. జల్లెడ ముక్కను అందులో ఆనించింది. రేకు మీది బుడిపె గాడిలోకి దిగి కూర్చుంది. కదల్చబోతే కదల్లేదు.

"రోజుకొకటి" అన్నాడాయన. "పొద్దున్నే నిన్నటిది విప్పడం, తొట్టిలో వెయ్యడం, ఇవాళ్టిది పొయ్యడం. ఆదివారం కూడా వచ్చేవాణ్ణి. మంచి సిమెంటు, కడిగిన ఇసుక, అన్నీ తూకం వేసి. మిషను సరిచూసుకోవడానికి నమూనాలు కావాలని మా అయ్యగారు చెప్పారు."

"నమ్మారా?"

"మొదటి ఏడాది నమ్మాను."

"తర్వాత?"

"తర్వాత... నా క్యూబుల మీద స్తంభాల పేర్లు రాయడం చూశాను."

"మీ దగ్గర పది అచ్చులున్నాయి. అన్నీ ఒక్కదాంట్లోనే ఎందుకు పోశారు?" అని అడిగాడు ఇస్త్రీ. ఆయన గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

ముసలాయన ఆ ప్రశ్నకు నొచ్చుకున్నట్టు చూశాడు. "మిగతా వాటికి బోల్టులు వదులు బాబూ. సిమెంటు పాలు కారిపోతాయి, మూలలు బోలుగా వస్తాయి. నా చేత్తో అలాంటిది బయటికి పంపనా?"

నలభై స్తంభాల నిజాన్ని కప్పెట్టిన మనిషి మూల బోలుగా రావడం మాత్రం సహించలేకపోయాడు. జల్లెడకు తిట్టాలో జాలిపడాలో తెలియలేదు.

"ఎందుకు ఊరుకున్నారు?"

"రిటైరు చేసినా ఉండనిచ్చారమ్మా. ఇంట్లో కూర్చుంటే ఈ చేతులు పడిపోయేవి. ఇప్పుడు అనిపిస్తోంది, పడిపోయినా బాగుండేదని." ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "ఆ ఉత్తరం రాసింది కూడా నేనే. బాలింతల్ని పెడతారని తెలిశాక నిద్ర పట్టలేదు. పొద్దున మీరొస్తే చెప్పేద్దామనుకున్నాను. నోరు రాలేదు."

ఇస్త్రీ ఫైలు తెరిచి, తన సంతకం ఉన్న కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. తెల్లకాగితం తీసుకుని నిలబడే అభ్యంతరం రాశాడు. కింద సంతకం పెట్టాడు. జల్లెడ పక్కనే తన సంతకం పెట్టింది. మూడూ ముప్పై ఎనిమిది.

ఫోను పెద్దడాక్టరమ్మకు కలిసింది.

"ఒక్కర్ని కూడా కొత్త బ్లాకులోకి పంపకండి డాక్టర్ గారూ. స్తంభాలకు బలం లేదు. రుజువు నా చేతిలో ఉంది. కాగితం పది నిమిషాల్లో ఫోనుకి పంపిస్తాను."

"అయ్యో, ఇప్పుడు చెబుతారా? పదిమందిని అప్పుడే కిందికి దించాం. వరండాలో స్ట్రెచర్ల మీద ఉన్నారు. ఏం చెయ్యమంటారు వీళ్ళని?"

"వెనక్కి పంపించెయ్యండి. ఎవరి మంచం మీదికి వాళ్ళని."

"సరే" అంది డాక్టరమ్మ. చక్రాలు కిర్రుమనడం, ఎవరో ఆయా విసుక్కోవడం ఫోనులో వినబడ్డాయి.

జల్లెడ కుర్చీలో కూలబడింది. ఇస్త్రీ ఆమె ముందుకొచ్చి చేతులు జోడించబోయి, జోడించకుండానే దించేసుకున్నాడు. "నా చేత్తో నేనే తెచ్చి పడుకోబెట్టేవాణ్ణి" అన్నాడు.

"వాంగ్మూలం పూర్తి చేద్దాం" అంది జల్లెడ కలం తీసి. "బాబాయ్ గారూ, ఎప్పటినుంచి చేస్తున్నారిది? ఎనిమిది నెలలేనా?"

"ఎనిమిది నెలలేమిటమ్మా. అచ్చుకు వెల్డింగు పెట్టించినప్పటినుంచీ. ఏడేళ్ళవుతుంది."

కలం ఆగింది. "ఏడేళ్ళా? వేరే భవనాలకు కూడా వెళ్ళాయా?"

"కొత్త బ్లాకు కట్టిన కాంట్రాక్టరు పనులన్నీ ఇక్కడికే వస్తాయి కదా." అచ్చుబాబాయి వేళ్ళు మడిచాడు. "ముందు గోడౌను ఒకటి, అది ఇప్పుడు ఖాళీగానే ఉంది. తర్వాత ఒక ఆఫీసు, దాని పని మధ్యలో ఆగిపోయింది. తర్వాత ఈ ఆస్పత్రిదే."

"కొత్త బ్లాకు."

"కాదమ్మా, అది ఈ మధ్యది. ముందు పాత బ్లాకుది. అది మొదట్లో రెండంతస్తులే. ఆరేళ్ళ కిందట పైన ఇంకో రెండు వేశారు. మూడోదీ నాలుగోదీ. వాటి స్తంభాలకు కూడా నా క్యూబులే వెళ్ళాయి."

జల్లెడ ఇస్త్రీ వైపు చూసింది.

"పోయిన వారమే" అన్నాడు ఇస్త్రీ, ఎవరికో కలలో చెబుతున్నట్టు, "దాని మీదికి రెండు కొత్త నీళ్ళ ట్యాంకులు ఎక్కించారు. నేను చూశాను. నిండా నీళ్ళు."

జల్లెడ అప్పటికే పెద్దడాక్టరమ్మ నంబరు నొక్కుతోంది. లైను ఖాళీ లేదు. మళ్ళీ నొక్కింది. ఖాళీ లేదు. వాళ్ళను పైకి పంపమన్నది తనే. ఆ మాట చెవుల్లో గింగురుమంటోంది.

ఇస్త్రీ కూతురికి చేశాడు. ఫోను బల్ల మీద పెట్టి, మాట బయటికి వినబడేలా మీట నొక్కాడు. మూడుసార్లు మోగాక అమ్మాయి ఎత్తింది.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"ఎక్కడేమిటి నాన్నా, మూడో అంతస్తులోనే. ఇందాక దించారు, ఇప్పుడే మళ్ళీ ఎక్కించారు. పాప నిద్రపోయింది."

"పాపను తీసుకుని కిందికి రా. ఇప్పుడే. ఎవర్నీ అడక్కు."

"ఎలా రాను? మమ్మల్ని లోపలికి తెచ్చాక తలుపు వేశారు. ఇప్పుడు తెరుచుకోవడం లేదు. ద్వారబంధం పైకమ్మి కిందికి దిగినట్టుంది, తలుపు దానికి పట్టేసింది. ఇద్దరు అవతలినుంచి తోస్తున్నారు, అంగుళం కూడా కదలట్లేదు. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది నాన్నా. మీరు చెబితే వింటారు, ఒక వడ్రంగిని పంపమని చెప్పండి."

అది వడ్రంగి పని కాదని ల్యాబులో ఉన్న ముగ్గురికీ తెలుసు.